నీళ్లు తేటపడ్డాక: గాలం వేసేవారి ప్రశ్నలకు జవాబులు

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వరద గురించినవే. కొన్ని గాలం వేసేవాళ్లు రాసినవి, కొన్ని వాళ్ల ఇంట్లోవాళ్లు రాసినవి. నేను నది పక్కనే పుట్టి పెరిగినవాణ్ని. మా ఊరూ ఒకసారి మునిగింది, మళ్లీ లేచి నిలబడింది. అందుకే వీటికి కొంచెం ఓపిగ్గా జవాబు రాస్తున్నాను. మామూలుగా వచ్చే ఎరలు, గాలపు కర్రల ప్రశ్నలు వచ్చే నెల చూద్దాం.

వరద తీసి రెండు నెలలు దాటింది. నీళ్లు ఇప్పుడిప్పుడే తేటపడుతున్నాయి. ఏళ్ల తరబడి గాలం వేసిన మా మడుగు మేటపడి మోకాలి లోతుకు వచ్చింది. చేపలన్నీ కొట్టుకుపోయినట్టేనా? ఈ చలిలో వెతకడం దండగా?

దండగ కాదు. పెద్ద చేపలు మనం భయపడినంతగా కొట్టుకుపోవు. వరద ఉరవడి అంతా నడి నదిలో ఉంటుంది. గట్టు వారన, మునిగిన పొదల వెనక, బండల చాటున, పక్క పాయల్లో నీళ్లు నెమ్మదిగానే కదులుతుంటాయి. చేప అక్కడికి జరిగి ఒదిగి ఉంటుంది. ఎక్కువ దెబ్బ తగిలేది పిల్లలకీ గుడ్లకీ. పైగా పెద్ద నదుల్లో ఏటా గట్టు దాటి పొలాల్లోకి, అడవుల్లోకి పాకే వరదే చేపలకు మేతా, పిల్లల్ని పెంచుకునే చోటూ. జంక్, బేలీ, స్పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1989లో ఈ సంగతిని ఒక సిద్ధాంతంగా రాశారు. నది పక్కన బతికేవాళ్లకు అది ముందే తెలుసు.

మీ మడుగు మాత్రం పోయింది. దాని కోసం అదే చోట నిలబడకండి. ఒక చోట మేటవేసిన వరద ఇంకో చోట తవ్వే ఉంటుంది. గాలపు కర్ర ఇంట్లో పెట్టి, ఒక పూట ఊరికే గట్టు వెంట నడవండి. వంపు తిరిగే చోట బయటివైపు గట్టు కొత్తగా కోసుకుపోయి, నిలువుగా మట్టి కనిపిస్తోందా? దాని కింద లోతు ఉంటుంది. పెద్ద చెట్టు అడ్డం పడిన చోట నీళ్లు దాని కింద నుంచీ పక్క నుంచీ దూకి గుంట చేస్తాయి. పైన నురగ ఒక గీతలా సాగి, ఒక చోట నెమ్మదించి తిరుగుతుంటే ఆ గీత పక్కన మెత్తటి నీళ్లున్నట్టే. తర్వాత దారానికి సీసం గుండు ఒక్కటే కట్టి విసిరి, అడుగును తడిమి చూడండి. గులకరాళ్ల మీద లాగుతుంటే చేతికి టకటకా తెలుస్తుంది. బురద మీద పట్టేసినట్టు బరువుగా వస్తుంది. ఇసుక మీద జారుతుంది. కొత్త నదిని తెలుసుకోవడానికి దీన్ని మించిన పద్ధతి నేను చూడలేదు.

చలికాలంలో అడుగున నీళ్లు వెచ్చగా ఉంటాయి, అందుకే చేపలు లోతుకు పోతాయని చాలామంది చెబుతారు. గడ్డకట్టే చలి ఉన్న చోట చెరువులకు అది సరిపోతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది కాబట్టి ఆ నీరు అడుగుకు దిగుతుంది. పారే నదిలో అయితే నీళ్లు ఎప్పటికప్పుడు కలిసిపోతుంటాయి. పైకీ కిందకీ వేడిలో తేడా దాదాపు ఉండదు. చేప లోతుకు వెళ్లేది ఉరవడి తప్పించుకోవడానికి. నీళ్ల వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఒంట్లో జరిగే పని సుమారు సగానికి పడిపోతుంది. ఆకలి తక్కువ, ఓపిక తక్కువ. ఎర కోసం దూరం రాదు. కాబట్టి ఎర చిన్నదిగా ఉండాలి, నెమ్మదిగా కదలాలి, చేప ముక్కు ముందు నుంచే పోవాలి. బెండు మునిగేదాకా చూడకండి. పారే నీటిలో ఒక్క క్షణం ఆగినట్టు, ఏదో తట్టుకున్నట్టు అనిపిస్తుంది. చలికాలంలో చేప ఎర అందుకోవడం అంతే. తెల్లవారుజామున చలిలో వణుకుతూ కూర్చోనక్కర్లేదు. మధ్యాహ్నం దాటాక నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కినా అదే మంచి సమయం. ఊట నీళ్లు కలిసే చోటు తెలిస్తే అది ఇంకా మంచిది. ఆ నీళ్లు చలికాలంలో నది కన్నా వెచ్చగా ఉంటాయి.

నీళ్లు ఇంకా మట్టిగా ఉంటే వాసన ఉన్న ఎర వాడండి. చేప ఒంటి పక్కన పొడుగునా ఉండే గీతతో నీటి కదలికను పసిగడుతుంది కాబట్టి మట్టి నీళ్లలోనూ మేస్తుంది. మీ చెయ్యి నీళ్లలో పెడితే వేళ్లు కూడా కనిపించనంత చిక్కగా ఉన్నప్పుడు మాత్రం ఇంటికి వెళ్లిపోవడం నయం. అప్పుడు అడుగు కనిపించదు, కొట్టుకొచ్చే దుంగ కూడా కనిపించదు.

ఇంకొక్క పని చేయండి. మడమ లోతు నీళ్లలో అరచేతి అంత రాయిని తీసి, తిప్పి, దాని కింద చూడండి. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతికించుకుని చిన్న గొట్టం కట్టుకుని అందులో దూరి ఉండే పురుగు కనిపిస్తుంది. ముట్టుకుంటే తల లోపలికి లాక్కుంటుంది. పక్కనే తోకకు మూడు వెంట్రుకల్లాంటివి ఉండి, రాయికి అంటుకుపోయినట్టు పాకే సన్నటి పురుగులు ఉండొచ్చు. అవి ఉన్నాయంటే చేపకు మేత ఉన్నట్టే. రాయి కింద నల్లగా, కుళ్లిన వాసనతో బురద తప్ప ఏమీ లేకపోతే ఆ చోటుకు ఇంకా సమయం పడుతుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టండి.

మీ నదిలో ట్రౌట్, సాల్మన్ జాతి చేపలుంటే ఇంకో జాగ్రత్త. అవి చాలావరకు చలి ముందూ చలిలోనూ గుడ్లు పెడతాయి. తోకతో గులకరాళ్లు తవ్వి, గుడ్లు పెట్టి కప్పేస్తాయి. చుట్టూ పాచి పట్టిన రాళ్ల మధ్య ఒక చోట మాత్రం కడిగినట్టు తెల్లగా కనిపిస్తే అది వాటి గూడు. అందులో అడుగు పెట్టకండి. వరద ఇప్పటికే కొన్ని గూళ్లను కోసేసి, కొన్నిటి మీద సన్నటి బురద కప్పి గుడ్లకు గాలి ఆడకుండా చేసి ఉంటుంది. మిగిలిన ఆ కొన్ని గూళ్ల నుంచే వచ్చే ఏళ్ల చేపలు రావాలి.

వరదకు మా దగ్గర పదుల కొద్దీ చెట్లు నదిలో పడ్డాయి. గాలాలు చిక్కుకుపోతున్నాయి. కుర్రాళ్లం కలిసి రంపాలతో కోసి తీసేద్దామనుకుంటున్నాం. మంచి పనే కదా?

మీ ఉత్సాహం నాకు నచ్చింది. కానీ కోసే ముందు ఆగండి, తమ్ముళ్లూ. వంతెన కాళ్ల దగ్గర ఇరుక్కున్నవి, ఇళ్ల వైపు నీళ్లను తోస్తున్నవి తీయాలి. అది కూడా నదిని చూసే అధికారులకు చెప్పి, వాళ్ల యంత్రాలతో. నీళ్ల ఒత్తిడిలో ఇరుక్కున్న దుంగను మనిషి రంపంతో కోస్తే అది ఎటు విరుచుకుపడుతుందో ఎవరూ చెప్పలేరు.

మిగిలినవి ఉండనివ్వండి. అమెరికా వాయవ్య ప్రాంతంలో ఒకప్పుడు చేపలకు అడ్డమని వాగుల్లోంచి దుంగలన్నీ లాగేశారు. తర్వాత చేపలు తగ్గడం చూసి, డబ్బు ఖర్చు పెట్టి దుంగల్ని మళ్లీ తెచ్చి వేస్తున్నారు. పడిన చెట్టు వెనక మడుగు ఏర్పడుతుంది. చేప పిల్ల దాక్కుంటుంది, ఆకులు ఆగి పురుగులకు మేత అవుతాయి. ఇంగ్లండ్‌లోని కంబ్రియా కొండల్లో స్విండేల్ అనే వాగును ఎప్పుడో కాలువలా తిన్నగా చేసేశారు. 2016లో దాన్ని మళ్లీ మెలికలు తిప్పి పాత దారిలాంటి దారిలో పారనిచ్చారు. కొన్ని నెలలకే సాల్మన్ చేపలు వచ్చి గుడ్లు పెట్టాయి. నదికి వంపులూ అడ్డంకులూ కావాలి. మీరు పోగొట్టుకునే గాలాలు ఆ మడుగు కన్నా ఖరీదైనవి కావు.

కుర్రాళ్ల బలం వృథా కాకూడదంటే ప్లాస్టిక్, రేకులు, ముళ్ల తీగలు, డ్రమ్ములు ఏరండి. మూత ఉన్న డ్రమ్ములో ఏముందో తెలియకపోతే తెరవకండి, కదపకండి. ఫోటో తీసి అధికారులకు పంపండి. మందపాటి చేతి తొడుగులు, గట్టి బూట్లు తప్పనిసరి. ఒంటి మీద పుండు, గీరుడు ఉన్నవాళ్లు ఆ నీళ్లలో దిగొద్దు. ఎలుక మూత్రం కలిసిన వరద నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. జ్వరం వెంటనే రాకపోవచ్చు, నెల లోపు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి పిక్కల నొప్పులతో, కళ్లు ఎర్రబడి జ్వరం వస్తే 'వరద నీటిలో దిగాను' అని డాక్టరుకు మీరే ముందు చెప్పండి.

పట్టిన చేప తినొచ్చా?

మీ ప్రాంతంలో చేపలు తినొద్దన్న ప్రకటన ఉంటే, అది ఎత్తేసేదాకా తినకండి. పట్టి వదిలేయండి. వరద మురుగునీటినీ, డీజిల్‌నూ, పొలాల మందుల్నీ అన్నిటినీ నదిలో కలుపుతుంది. బాగా ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ రసాయనాలు పోవు. కొన్ని రసాయనాలు చేప కొవ్వులో చేరతాయి, చర్మం, కొవ్వు తీసేస్తే వాటి మోతాదు తగ్గుతుంది. పాదరసం కండలోనే ఉంటుంది, దాన్ని ఎలా కోసినా తీయలేం. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో రిస్క్ తీసుకోవద్దు. చచ్చి తేలిన చేప ఎంత తాజాగా కనిపించినా ముట్టుకోవద్దు.

మా గాలం వేసేవాళ్ల సంఘం ఏటా చలికాలంలో పోటీ పెడుతుంది. ఈసారి నది పక్కన ఎన్నో ఇళ్లు మునిగాయి, కొందరు ఇంకా బంధువుల ఇళ్లలోనే ఉన్నారు. సగం మంది 'ఇప్పుడు పోటీ ఏమిటి, సిగ్గుచేటు' అంటున్నారు. సగం మంది 'ఇది కూడా ఆపేస్తే ఇంకేం మిగుల్తుంది' అంటున్నారు. మీరేమంటారు?

ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. రెండు వర్గాలదీ నదిని ప్రేమించే మనసే. నా మాట ఇది: కలుసుకోండి, పోటీ మాత్రం వద్దు.

వరద వచ్చిన మొదటి వారాల్లో జనం తండోపతండాలుగా వస్తారు. దుప్పట్లు, తిండి, పారలు పట్టుకున్న అపరిచితులు, ఫోటోలు. ఆ రోజుల్లో బాధితులకు ఏడవడానికి కూడా తీరిక ఉండదు. అసలు కష్టం రెండో నెలలోనూ మూడో నెలలోనూ మొదలవుతుంది. వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. పరిహారం కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతుంటాయి. గోడలు ఆరవు. పగలు త్వరగా ముగుస్తుంది, చలి మొదలవుతుంది. మా ఊరు మునిగినప్పుడు నేను చూసింది ఇదే. నది ఒడ్డున రోజూ కనిపించే పెద్దమనిషి ఒకాయన గుమ్మం దాటి బయటికి రావడం మానేశాడు. ఆయన దగ్గరికి వెళ్లి 'ఎలా ఉన్నారు' అని అడిగితే 'బాగానే ఉన్నాను' అనేవాడు. 'కొత్త మడుగు ఒకటి పడింది, వచ్చి చూసి చెప్పండి' అంటే వచ్చాడు. నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాక, పోయిన సామాను గురించీ, భార్య ఫోటోల గురించీ తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చుని అడిగితే నోరు పెగలని మగవాళ్లు, పక్కపక్కన కూర్చుని దారం వైపు చూస్తున్నప్పుడు మాట్లాడతారు. అందుకే మీరు కలుసుకోవాలంటున్నాను.

బరువు తూచి బహుమతి ఇచ్చే పోటీ ఎందుకు వద్దంటే, ఒకటి, చేపలే ఇప్పుడు అలిసి ఉన్నాయి. రెండోది, గాలాలూ సామానూ పోగొట్టుకున్నవాడు ఆ రోజు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. దానికన్నా పొద్దున గట్టు శుభ్రం చేయండి. మధ్యాహ్నం అందరూ గాలాలు వేయండి. సంఘం దగ్గరున్న కర్రల్నీ, దారం చుట్టే రీళ్లనూ లేనివాళ్ల చేతికివ్వండి. పట్టినవి పట్టినట్టు వదిలేయండి. గడ్డకట్టే చలి ఉన్న రోజైతే చేపను నీళ్లలోంచి పైకి ఎత్తకుండానే గాలం తీయండి, ఎందుకంటే ఆ గాలికి దాని మొప్పలు దెబ్బతింటాయి.

ఇవన్నీ చేసే ముందు మునిగిన ఇళ్లవాళ్లను అడగండి. నోటీసు అంటించి ఊరుకోవద్దు. ఇద్దరు ముగ్గురు వెళ్లి, కూర్చుని, 'ఇలా అనుకుంటున్నాం, మీకు కష్టంగా ఉంటుందా' అని అడగండి. వాళ్లు వద్దంటే వచ్చే నెలకు వాయిదా వేయండి. ప్రవేశ రుసుముగా వచ్చే డబ్బు, మీలో సరదాకు గాలం వేసేవాళ్లకు కాకుండా, వల మీదా పడవ మీదా బతికేవాళ్లకు వెళ్లాలి. వల పోయిన ఇంటికి వల దొరకడమే ఇల్లు మళ్లీ నిలబడటం. బయటి నుంచి వచ్చే మిత్రులకు కూడా చెప్పండి: రమ్మనండి, కానీ శిథిలాలు మోసే లారీల దారిలో బండ్లు ఆపొద్దు, కూలిన ఇళ్ల ముందు ఫోటోలు దిగొద్దు. కంచెలు కొట్టుకుపోయాయి కదా అని ఎవరి పొలంలోంచి పడితే వాళ్ల పొలంలోంచి నడవొద్దు.

2021 నవంబరులో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సుమాస్ మైదానం మునిగింది. అది 1924 నాటికి ఎండగట్టేసిన ఒక సరస్సు అడుగు. ఆ సరస్సు చేపల మీద అక్కడి ఆదివాసులు తరతరాలుగా బతికారు. వరద వచ్చి నీళ్లు పాత చోటుకే చేరాయి. బారోటౌన్ అనే చోట ఉన్న పంపింగ్ కేంద్రం ఆగిపోతే ఇంకా మునిగిపోతామని, ఊరివాళ్లూ సిబ్బందీ కలిసి రాత్రికి రాత్రి ఇసుక బస్తాలు పేర్చి దాన్ని కాపాడారు. సొంత పడవలున్నవాళ్లు వాటితో మనుషుల్ని ఒడ్డుకు చేర్చారు. నది తెలిసినవాళ్ల అవసరం అలాంటి రాత్రి తెలుస్తుంది. మీ సంఘంలో ఎవరి దగ్గర ఎలాంటి పడవ ఉంది, లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి, ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లున్నారు అన్న జాబితా ఆ కలుసుకునే రోజే రాసి పెట్టండి.

మా అబ్బాయికి పదేళ్లు. వరదకు ముందు వాళ్ల నాన్నతో రోజూ నదికి వెళ్లేవాడు. ఇప్పుడు అటు చూడటం లేదు, వాన చప్పుడుకే లేచి కూర్చుంటున్నాడు. వాళ్ల నాన్న 'ఒకసారి తీసుకెళ్తే భయం పోతుంది' అంటున్నారు. తీసుకెళ్లమంటారా?

బలవంతంగా వద్దమ్మా. వాడి భయం తప్పు కాదు. నది ఏం చేయగలదో వాడు చూశాడు. 'ఏం కాదులే' అనకండి, ఎందుకంటే ఒకసారి అయింది. 'అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఇప్పుడు ఎక్కడున్నాయో' చెప్పండి. ఒక కర్రకు రంగుతో సెంటీమీటర్ల గీతలు గీయనివ్వండి. వాళ్ల నాన్న దాన్ని నీటి అంచున పాతి, రోజూ వెళ్లి చూసొచ్చి అంకె చెబితే, వాడు ఇంట్లో కూర్చుని నోట్‌బుక్‌లో రాస్తాడు. కొన్నాళ్లకు 'నేనే చూస్తా' అంటాడేమో. అప్పుడు చెయ్యి పట్టుకుని గట్టు మీద నుంచి మాత్రమే చూపించాలి. గాలం సంగతి వాడు అడిగినప్పుడే. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం నెల దాటినా తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. వాళ్ల నాన్నగారు కూడా ఒకసారి మాట్లాడితే మంచిది. 'భయం పోతుంది' అనే మాటలో ఆయన భయం కూడా నాకు కొంచెం వినిపించింది.

చలికాలంలో నీళ్లలో దిగి గాలం వేసేటప్పుడు ఏ జాగ్రత్తలు?

ఒంటరిగా దిగొద్దు. మోకాలి లోతు కూడా కాదు, 15 సెంటీమీటర్ల లోతులో వేగంగా పారే నీళ్లే మనిషిని పడగొట్టగలవు. వరద తర్వాత అడుగు కొత్తది, కర్రతో తడుముతూ వెళ్లాలి. లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి. నీళ్లు లోపలికి రాకుండా కాళ్ల నుంచి ఛాతీ దాకా వేసుకునే తొడుగు వేసుకుంటే నడుముకు బెల్టు బిగించాలి. గడ్డకట్టేంత చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది. ఆ నిమిషం ఈదాలని చూడకుండా ముఖం పైకి పెట్టి తేలండి. ఊపిరి సర్దుకున్నాక చేతులూ కాళ్లూ చెప్పినట్టు వినేది ఓ పది నిమిషాలే, ఒడ్డు చేరడానికి ఆ సమయం వాడుకోండి. కొట్టుకుపోతుంటే అడ్డం పడిన చెట్టుకు మాత్రం ఎగువ నుంచి చేరొద్దు. నీళ్లు కొమ్మల సందుల్లోంచి పోతాయి, మనిషి ఇరుక్కుపోతాడు.

మా నాన్నగారి రీలు వరద బురదలో వారం నానింది. ఆయన లేరు. బాగుచేయించవచ్చా?

చాలావరకు అవుతుంది. ఒక్కటే గుర్తుంచుకోండి, పిడి తిప్పి చూడకండి. లోపలికి చేరిన సన్నటి ఒండ్రు పళ్ల చక్రాల్ని ఉప్పు కాగితంలా అరగదీస్తుంది. ముందు మంచినీళ్ల ధారలో, ఒత్తిడి లేకుండా, బయటి బురద పోయేదాకా కడగండి. తర్వాత ఒక తెల్ల గుడ్డ పరిచి, ఒక్కో మర విప్పుతూ, విప్పిన వరుసలో పెడుతూ ఫోనుతో ఫోటోలు తీసుకోండి. ఇనుప భాగాల్ని కిరోసిన్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, చక్రాలకు గ్రీజు, ఇరుసులకు ఒక్కో చుక్క నూనె వేయండి. బాల్ బేరింగులు వేలితో తిప్పితే గరగరమంటే కొత్తవి వేయించాలి, అవి దొరుకుతాయి. దారం పాతది వాడొద్దు, బురదలో నానినది ఎక్కడ తెగుతుందో తెలియదు.